గోడ అవతలి సగం

మా అత్తగారిని ఊళ్ళో అందరూ దిండ్లమ్మ అనేవారు. సంబంధం కుదిరిన రోజుల్లో ఆ పేరు విని, పరుపులూ దిండ్లూ అమ్ముకునే ఇల్లు కాబోలు, పిల్ల మెత్తగా బతుకుతుంది అని మా అమ్మ మురిసిపోయింది. కాపురానికి వచ్చిన మర్నాడే నాకు తెలిసింది, ఆ దిండ్లు బతికున్నవాళ్ళ తలల కింద పెట్టేవి కావని.

వీధి చివర ఒక వడ్రంగి శవపేటికలు చేసేవాడు. పెట్టె అతని పని. పెట్టె లోపలికి తెల్లగుడ్డ కుచ్చులు కుట్టడం, తల కిందికి చిన్న దిండు తయారు చేయడం మా ఇంటి పని. ఆ దిండులో దూది పెట్టరు. పెట్టె చెక్కను చిత్రిక పట్టినప్పుడు రాలిన పొట్టునే కూరతారు. ఎవరి పెట్టె పొట్టు వారి దిండులోకే వెళ్ళాలని మా అత్తగారి పట్టుదల. వడ్రంగి రెండు పెట్టెల పొట్టు కలిపి పంపాడో, ఇంటికొచ్చి చీవాట్లు తిని వెళ్ళేవాడు. "పోయినవాళ్ళకి తెలుస్తుందా దిండ్లమ్మా?" అని అతను గొణిగితే, "నాకు తెలుస్తుందిగా" అనేది ఆవిడ.

కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో ఒక మధ్యాహ్నం మంచినీళ్ళు తీసుకుని ఆవిడ గదిలోకి వెళ్ళాను. కుట్టుమిషన్ ఆగి ఉంది. అత్తగారు బల్ల మీదికి వంగి, తెల్లదిండు మీద చెంప ఆనించి, కళ్ళు మూసుకుని ఉంది. ఊపిరి ఆడుతున్నట్టు కూడా లేదు. గ్లాసు వదిలేసి కెవ్వున అరిచాను. ఆవిడ కళ్ళు తెరవకుండానే, "అరవకమ్మాయ్. పొట్టు గుచ్చుకుంటోందేమో చూస్తున్నా. వాళ్ళు చెప్పలేరు కదా" అంది.

అంటే ఆ ఊరి సమాధుల తోటలో ఉన్న ప్రతి దిండు మీదా ముందు మా అత్తగారి తల వాలిందన్నమాట. ఆ రాత్రి మా ఆయన పక్కన పడుకుని, నా దిండును చేత్తో తడిమి చూసుకున్నాను. లోపల దూదే ఉంది. అయినా నిద్ర పట్టలేదు.

కానీ మనిషి గొప్పది. నేను కోడలిని కాబట్టి ఊరికే పొగడను, ఆ సంగతి మా వీధంతటికీ తెలుసు. పెద్దాసుపత్రి నుంచి నా అన్నవాళ్ళు లేని శవాలకు చవక చెక్కతో పెట్టెలు చేయించేవారు. వాటికి కుచ్చులు అడగరు, దిండు అడగరు. మా అత్తగారు మాత్రం అడగకుండానే కుట్టి పంపేది. తాగి కాలవలో పడ్డవాడు, ఉరి పోసుకున్నవాడు, ఏ దేవుడికి మొక్కేవాడో కూడా తెలియనివాడు, ఎవరైనా సరే. "తల ఉందా? అయితే దిండు ఉండాలి" అనేది. ఒక ఆదివారం పూజలో ఫాదర్‌గారు పీఠం ముందు నిలబడి, ప్రతి మనిషీ దేవుని పోలికలో పుట్టాడని చెప్పడానికి ప్రసంగాలు అక్కర్లేదు, మన దిండ్లమ్మ చేతులు చూడండి అన్నారు. అందరూ తలతిప్పి చూశారు. మా అత్తగారు తల వంచుకుంది. ఎంత వినయమో అనుకున్నారు జనం. నేనూ అలాగే అనుకున్నాను.

ఆ వంచిన తలలో ఉన్నది వినయం కాదని తెలియడానికి మా ఇంటి గోడ గురించి చెప్పాలి.

మా ఇల్లు ఒకప్పుడు ఒకటే పొడుగాటి హాలు. దాన్ని సరిగ్గా నడుమకు కోసినట్టు ఒక గోడ ఉండేది. ఒంటి ఇటుక గోడ, రెండువైపులా సిమెంటు పూత కూడా లేదు. ఎవరో కోపంగా కట్టినట్టు ఇటుకలు వంకరగా ఉండేవి. ఇవతల మేము. అవతల మా అత్తగారి చెల్లెలు, మా చిన్నత్తగారు. ఆవిడ గుమ్మం వెనక సందులోకి ఉంటుంది. చిన్నత్తగారు తెల్లగుడ్డ కుచ్చులు కుడుతుంది, మా అత్తగారు దిండ్లు కుడుతుంది. ఆవిడ గుడ్డ ఆవిడ పంపిస్తుంది, ఈవిడ దిండు ఈవిడ పంపిస్తుంది. రెండూ వడ్రంగి దగ్గర పెట్టెలో కలుస్తాయి. ఆ అక్కాచెల్లెళ్ళు కలిసేది ఆ పెట్టెల్లోనే. మాటల్లేవు. ఎదురుపడితే ఒకరి మొహం ఒకరు చూసుకోరు. నేను వెళ్ళి మాట్లాడితే చిన్నత్తగారు బాగానే మాట్లాడేది, ఏదో ఒకటి చేతిలో పెట్టి తినమనేది. అక్క మాటెత్తితే మాత్రం మిషన్ తొక్కడం మొదలుపెట్టేది.

అయినా రోజూ సాయంత్రం ఇద్దరూ కలిసి జపమాల చెప్పేవారు.

జపమాలలో ప్రతి ప్రార్థనకూ రెండు సగాలుంటాయి. మొదటి సగం ఒకరు మొదలుపెడితే రెండో సగం మిగతావాళ్ళు ముగిస్తారు. మా పుట్టింట్లో జపమాల అంటే సంతే. నాన్న కునికిపాట్లు, తమ్ముడి కిచకిచలు, అమ్మ నడుమ నడుమ పొయ్యి మీద కూర గురించి కేకలు. దేవుడు ఏం విన్నాడో ఆయనకే తెలియాలి. అత్తగారింట్లో మొదటి సాయంత్రం దీపాలు పెట్టేవేళ, ఆవిడ గోడకెదురుగా మోకరించింది. నేనూ పక్కనే మోకరించాను. ఆవిడ మొదటి సగం చెప్పింది. నేను నోరు తెరిచేలోగా గోడలోంచి రెండో సగం వచ్చింది. కాస్త బొంగురుగా, తొందర లేకుండా. గోడలకు చెవులుంటాయని విన్నాను గానీ నోరు కూడా ఉంటుందని ఆ రోజే చూశాను. నా నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

ఒకసారి చిన్నత్తగారికి దగ్గు తెరలు తెరలుగా వచ్చి రెండో సగం నడుమ ఆగిపోయింది. సాయం చేద్దామని నేను అందుకున్నాను. అత్తగారు నా వైపు తిరిగి, "అది నీ సగం కాదు" అంది. గట్టిగా కూడా అనలేదు. ఆ తర్వాత నేను ఆ ఇంట్లో జపమాల మనసులోనే చెప్పుకున్నాను.

ఈ వింత ఏమిటని మా ఆయన్ని పట్టుకుని వేధిస్తే చివరికి చెప్పాడు. వాళ్ళ అమ్మమ్మ పోతూ కూతుళ్ళిద్దరి చేతుల్లో ఒకే జపమాల పెట్టి, "ఈ ఇంట్లో జపం ఆగకూడదు. పెద్దది మొదలుపెట్టాలి, చిన్నది ముగించాలి" అని మాట తీసుకుందట.

"మరి గోడ ఎందుకు?"

"బాబాయి పోయినప్పుడు" అని ఆగాడు. "అమ్మని అడక్కు."

మిగతాది మెల్లగా తనే చెప్పాడు. చిన్నత్తగారి భర్త రేడియోలు బాగుచేసేవాడు. నవ్వుతూ నవ్విస్తూ ఉండే మనిషి. ఏ గుడికీ వెళ్ళేవాడు కాదు. సాయంత్రం జపం చెప్పేవేళ, "ఏం వదినా, మీ దేవుడికి చెవుడా? రోజూ అదే మాట చెప్తారు" అని వేళాకోళం చేసేవాడు. మరిది వరసవాడి మాట, ఎవరైనా నవ్వి ఊరుకుంటారు. మా అత్తగారు ఊరుకోలేదు, లోపల దాచుకుంది. అతను ఒకరోజు పని చేస్తూ చేస్తూ బల్ల మీదికి ఒరిగిపోయాడు. వడ్రంగి పెట్టె చేశాడు. భార్యే ఏడుస్తూ కుచ్చులు కుట్టింది. దిండు కోసం వడ్రంగి వస్తే మా అత్తగారు, "దేవుడి ముందు వంచని తలకి దిండెందుకు?" అంది. హాలు అవతలి చివర ఉన్న చెల్లెలు వింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు కదా, ఆవిడ తీసుకోవాలని ప్రయత్నించను కూడా లేదు. చిన్నత్తగారు ఏడుపు ఆపేసి, తన పైటకొంగు చించి మడతలు పెట్టి భర్త తల కింద పెట్టింది. సమాధి అయిన మర్నాడు తాపీమేస్త్రీని పిలిచింది. గోడ లేచింది.

ఆ తర్వాత నుంచే మా అత్తగారు ఎవరు, ఏమిటి అని అడగకుండా అందరికీ దిండ్లు కుట్టడం మొదలుపెట్టిందట. ఆ తర్వాతే ఆవిడకు దిండ్లమ్మ అని పేరొచ్చింది. ఊరంతా దయ అనుకున్నది ఆవిడ ఒక్క మనిషి దగ్గర నోరు తెరిచి చెప్పలేక చేస్తున్న పని.

ఇది విన్నాక సాయంత్రం జపం నాకు వేరేగా వినిపించసాగింది. జపమాలలోని పరలోక జపంలో మొదటి సగమంతా తండ్రి నామం, తండ్రి రాజ్యం, తండ్రి చిత్తం. రెండో సగంలో అన్నం అడుగుతాం, ఆ వెంటనే, "మా యొద్ద అప్పుబడిన వారిని మేము మన్నించునట్లు మా అప్పులను మీరు మన్నించండి" అంటాం. ఇక్కడ అప్పంటే డబ్బు కాదు, ఒకరిపట్ల ఒకరు చేసిన తప్పు. ఆ వాక్యం రెండో సగంలో ఉంది. అంటే గోడ లేచినప్పటి నుంచీ రోజూ ఆ మాట అనవలసి వచ్చింది మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి. తప్పు చేసిన మనిషికి ఒక్కరోజు కూడా ఆ మాట నోట పలికే అవసరం రాలేదు. పెద్దది కాబట్టి ఆవిడది మొదటి సగం.

గుడిలో అందరూ కలిసి చెప్తారుగా అని నేనూ అనుకున్నాను. ఆ ఆదివారం పక్కనే నిలబడి ఓరకంట చూశాను. ఆ వాక్యం వచ్చేసరికి మా అత్తగారు ముసుగు సర్దుకుంది. పై ఆదివారం దగ్గింది. ఆ పై ఆదివారం పెదవులు ఊరికే మూసుకుంది. అన్ని గొంతుల్లో ఒక గొంతు మూతపడితే ఎవరికి తెలుస్తుంది? పక్కన నాలాంటి కోడలుంటే తెలుస్తుంది.

ఇలా ఉండగా ఒకరోజు పొద్దుటి నుంచి గోడ అవతల మిషన్ చప్పుడు లేదు. గుడ్డ కోసం వచ్చిన వడ్రంగి ఎంత పిలిచినా పలక్కపోతే తలుపు నెట్టాడు. చిన్నత్తగారు మిషన్ పక్కన నేల మీద పడి ఉంది. మూతి ఒక పక్కకు లాగేసింది, కళ్ళు తెరిచే ఉన్నాయి. మా ఆయనా నేనూ ఆసుపత్రికి చేర్చాం. మా అత్తగారు వెనక సందు దాకా వచ్చింది గానీ చెల్లెలి గుమ్మం తొక్కలేదు. పక్షవాతం, మాట పోయింది, ఇంకోసారి వస్తే దక్కదు, చూడాలనుకున్నవాళ్ళు చూసి వెళ్ళండి అన్నాడు డాక్టరు. నేను ఇంటికొచ్చి ఆవిడ గది సర్ది, చాప చుట్టి మూల నిలబెట్టి, తలుపుకు తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకున్నాను.

ఆ సాయంత్రం అత్తగారు ఎప్పటిలాగే గోడకెదురుగా మోకరించింది. ఈ రోజు రెండు సగాలూ ఆవిడే చెప్పుకోవాలి, ఆ వాక్యం ఆవిడ నోటి వెంట రాక తప్పదు అని నేను కాచుకుని కూర్చున్నాను. నా బుద్ధి అంతే, ప్రార్థనలో కూడా తగువు తీర్చాలని చూస్తుంది. ఆవిడ మొదటి సగం ముగించి ఆగింది.

గోడ అవతల నుంచి గొంతు వచ్చింది.

"నానాటికి కావలసిన మా అన్నము మాకు నేటికి ఇవ్వండి."

అదే బొంగురు. అదే తొందరలేనితనం. ఆ తర్వాత మాట లేదు. ఆ వాక్యం ఉండవలసిన చోట, అది పట్టేంతసేపు, ఉత్త ఊపిరి వినిపించింది. మళ్ళీ గొంతు మొదలైంది. "మమ్ము శోధనయందు ప్రవేశింపనివ్వక..."

మా ఆయన చేతిలో గ్లాసు వంగి నీళ్ళు కాళ్ళ మీద పోతున్నాయి, ఆయనకు తెలియడం లేదు. ఇద్దరం ఒకరినొకరు తోసుకుంటూ వెనక సందులోకి పరుగెత్తాం. తాళం వేసింది వేసినట్టే ఉంది. తీశాను. గదిలో ఎవరూ లేరు. మిషన్ సూది కింద సగం కుట్టిన తెల్లగుడ్డ. నేను మూలకు నిలబెట్టిన చాప గోడ పక్కన పరిచి ఉంది.

మేం ఆ గదిలో ఉండగానే గోడకు అటువైపు నుంచి మా అత్తగారి గొంతు మరియమ్మను తలిచే మంగళవార్త జపం మొదటి సగం చెప్పింది. రెండో సగం మా పక్కనే వినిపించింది. చాప దగ్గర, మోకరించిన మనిషి నోరు ఉండే ఎత్తులో. మా ఆయన సిలువ గుర్తు వేసుకున్నాడు. ఎడమచేత్తో వేసుకున్నాడు. ఇంకో సందర్భంలో అయితే ఏడాదిపాటు ఆ విషయం చెప్పి ఏడిపించేదాన్ని. అప్పుడు మాత్రం ఆయన చొక్కా పట్టుకుని బయటికి వచ్చేశాను.

జపం ముగించాక అత్తగారు తీరిగ్గా లేచింది.

"అత్తయ్యా, విన్నారా?"

"వినకేం? రోజూ వినేదేగా."

"ఆవిడ ఆసుపత్రిలో ఉంది. గదిలో ఎవరూ లేరు."

"ఎవరూ లేకపోతే ఎవరు చెప్పారు? అది ఉంది. దాని సగం అది చెప్పింది" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రోజూ అదే. పగలు ఆసుపత్రిలో చూపూ ఒక చెయ్యీ తప్ప ఏమీ కదలని మనిషిని చూసి వచ్చేవాళ్ళం. సాయంత్రం ఆ మనిషి గొంతు తాళం వేసిన గదిలోంచి వినేవాళ్ళం. ఎప్పుడూ ఆ ఒక్క వాక్యం దగ్గర ఖాళీ. ఆ ఖాళీలో ఊపిరి. గొంతు కన్నా ఆ ఊపిరికే నేను ఎక్కువ భయపడ్డాను. ఎవరో ఎదురుచూస్తే ఎలా ఉంటుందో అలా ఉండేది అది.

మా అత్తగారిని ఆసుపత్రికి రమ్మని బతిమాలాను.

"అది ఇక్కడే ఉంటే అక్కడికెందుకు?" అంది.

"అక్కడున్నది మనిషండీ. ఇక్కడున్నది ఏమిటో నాకు తెలీదు."

"జపం ఆగలేదు. అమ్మకిచ్చిన మాట తప్పలేదు. నాకది చాలు."

పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నాకూ ఒళ్ళు మండింది. "ఊళ్ళో ముక్కూమొహం తెలియని వాళ్ళందరికీ కుట్టారు. ఇంట్లో మనిషికి ఒక్కడికి..." అని నోరు జారాను. ఆవిడ చేతిలో సూది ఆగింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "పొట్టు అయిపోయింది, ఆ సంచి అందుకో" అంది. మొహం మాత్రం సున్నం కొట్టినట్టయింది.

నా భయం ఒకటే. చిన్నత్తగారు ఆ ఒక్క మాట వినకుండా పోతే, ఈ గొంతు ఈ గోడలోనే ఉండిపోతుంది. రోజూ సాయంత్రం ఆ ఖాళీని మా ముందు పెట్టి ఊపిరి తీస్తుంది. మా అత్తగారు దానితో సరిపెట్టుకుని, చెల్లెలు ఎక్కడికీ పోలేదని చెప్పుకుంటూ బతికేస్తుంది. జపం ఆగదు. ఆగకుండా అలా సాగడం కన్నా ఘోరం ఏముంది? ‘మా తండ్రీ’ అనమన్నాడు ప్రభువు, ‘నా తండ్రీ’ అనమనలేదు. ఆ ఒక్క ‘మా’లో ఇద్దరు పట్టనప్పుడు గోడ అవతల దయ్యం జవాబిస్తేనేం, దేవదూత జవాబిస్తేనేం?

అలా ఉండగా ఒక సాయంత్రం అత్తగారు మోకరించి, సిలువ గుర్తు వేసుకుని, నోరు తెరవబోతోంది. అంతలో అవతలి నుంచే గొంతు మొదలైంది.

"పరలోకమందుండెడు మా యొక్క తండ్రీ..."

మా అత్తగారి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. "అది నా సగం" అంది, చిన్నపిల్ల ఫిర్యాదు చేసినట్టు. గొంతు ఆగలేదు. నామం, రాజ్యం, చిత్తం అన్నీ చెప్పింది. "భూలోకమందును నెరవేరును గాక" అని ముగించి ఊరుకుంది.

గోడ అవతల ఊపిరి వినిపిస్తోంది. ఇప్పుడు చెప్పవలసింది ఇవతలివాళ్ళు.

అత్తగారు పెదవులు తడుపుకుంది. "నానాటికి కావలసిన మా అన్నము మాకు నేటికి ఇవ్వండి" అంది. ఆ తర్వాతి మాట నోట్లోకి వచ్చింది, నేను చూశాను. బయటికి రాలేదు. కాసేపు ఆగి గొంతు మళ్ళీ మొదటికి వెళ్ళింది. "పరలోకమందుండెడు..." ఈసారి దగ్గరగా. ఇటుకకు నోరు ఆనించి చెప్తున్నట్టు.

అత్తగారు గోడ పట్టుకుని లేచింది. మోకాళ్ళు పటపటమన్నాయి. "నా చెప్పులేవే?" అని అరిచింది. "ఏం చూస్తావు? ఆసుపత్రికి పద!"

మా ఆయన బండి తీశాడు. దారి పొడుగునా ఆవిడ నా చేతిని గోళ్ళు దిగేలా పట్టుకుంది. అంతసేపూ చిన్నత్తగారు బతికి ఉందో లేదో, ఇంట్లో వినిపించింది పిలుపో, చివరి మాటో అని నాలో నేనే లెక్కలు వేసుకుంటున్నాను.

చూసే వేళ దాటిందని గేటు దగ్గర కాపలావాడు ఆపాడు. మా అత్తగారు వాడి వైపు చూసిన చూపుకు వాడే తప్పుకున్నాడు. వార్డులో నర్సు మమ్మల్ని చూసి లేచి వచ్చింది.

"మీరెవరైనా సాయంత్రం పూట వస్తారేమోనని చూస్తున్నానమ్మా" అంది. "పగలంతా మాట ఉండదు. చీకటి పడేవేళకి ఏదో ప్రార్థన చదువుతుంది. నాకు మీ ప్రార్థనలు తెలీవు. డాక్టరుగారిని అడిగితే, మాట పోయినా నోటికొచ్చినవి కొందరికి మిగులుతాయి అన్నారు. కానీ నడుమ నడుమ ఆగి గోడ వైపు చూస్తుంది. ఎవరో అందుకోవాలన్నట్టు. నాకేమో భయమేస్తోంది."

"రోజూ ఒకటేనా?" అని అడిగాను.

"నిన్నటిదాకా వేరే. అన్నం అన్న మాట ఉండేది అందులో. ఇవాళే మార్చింది."

నేను గోడకు చేరగిలబడ్డాను. మా ఆయన కిందనే కూర్చుండిపోయాడు.

చిన్నత్తగారి మంచం గోడవారగా ఉంది. ఆవిడ మొహం గోడ వైపే తిరిగి ఉంది. మా అత్తగారు ఇటు నిలబడలేదు. గోడకూ మంచానికీ మధ్య ఉన్న సందులోకి పక్కకు తిరిగి దూరింది. చెల్లెలి చూపు గోడ మీద పడకుండా తను అడ్డంగా నిలబడింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం నేను చూసింది అదే మొదలు. చిన్నత్తగారి కళ్ళలో ఆశ్చర్యం లేదు. వంకరపోయిన మూతితోనే మొదలుపెట్టింది. మాటలు నలిగి వస్తున్నాయి, కానీ అన్నీ వచ్చాయి. చిత్తం నెరవేరును గాక అని ఆగింది.

మా అత్తగారు అందుకుంది. అన్నం అడిగింది. ఆగింది. తర్వాత కొండ ఎక్కినట్టు ఒక్కో మాటా పలికింది. "మా యొద్ద... అప్పుబడిన వారిని... మేము మన్నించునట్లు... మా అప్పులను మీరు మన్నించండి."

నాకు ఏడుపు వచ్చేసింది. అయిపోయింది, గండం గడిచింది అనుకున్నాను.

చిన్నత్తగారు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. "పరలోకమందుండెడు..."

మా అత్తగారు మళ్ళీ చెప్పింది. ఈసారి ఆగకుండా చెప్పింది. ఆవిడ మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ చెప్పింది. మళ్ళీ మొదలుపెట్టింది.

"జబ్బు లక్షణమమ్మా ఇది" అంది నర్సు నెమ్మదిగా. "ఒకటే చోట తిరుగుతుంటారు." నిజమే కాబోలు అనుకున్నాను. కానీ ఆ కళ్ళు తిరగడం లేదు. అక్క మొహం మీద నిలబడి ఉన్నాయి. వార్డులో అవతలి మంచాలవాళ్ళు కూడా లేచి కూర్చుని చూస్తున్నారు. ఆ నలిగిన గొంతు మళ్ళీ మళ్ళీ అదే చోటికి తెచ్చి వదిలేస్తుంటే, అందరికీ ఏదో అర్థమైనట్టే ఉంది.

ఇంకోసారి మొదలుపెట్టబోతే మా అత్తగారు సహనం పోయి, "ఎన్నిసార్లు అనిపిస్తావే నా చేత?" అని గద్దించింది.

గోడ కట్టినప్పటి నుంచీ చెల్లెలితో ఆవిడ అన్న మొదటి మాట అది. అన్న తర్వాత ఆవిడకే తెలిసింది. మొహం ఒక్కసారి నలిగిపోయింది. మంచం పట్టె పట్టుకుని వంగింది.

"దేవుడికి కాదు కదే. నీకు చెప్పాలి కదా" అంది. "నీ మొగుడి తల కింద దిండు పెట్టకుండా పంపాను. వేళాకోళం ఆడాడని పంపాను. ఆ తలకేం తక్కువే? నీకంటే నాకంటే మంచి తల. తప్పు నాదే. రోజూ నీ చేత మన్నించానని అనిపించుకుంటూ, గోడకివతల దొరసానిలా కూర్చున్నాను. నన్ను మన్నించవే. దేవుడు మన్నించినా సరే, నువ్వు మన్నించకపోతే నాకు వద్దు."

చిన్నత్తగారు ఈసారి మొదటికి వెళ్ళలేదు. చాలాసేపు అక్కనే చూసింది. కదిలే చెయ్యి ఒకటే ఉంది, దాన్ని ఎత్తి అక్క గడ్డం పట్టుకుంది, చిన్నపిల్ల మొహం తిప్పినట్టు తన వైపు తిప్పుకుంది. తర్వాత అన్నేళ్ళు తన సగంలో ఉన్నదీ, ఆ తాళం గదిలో ఒక్కసారి కూడా వినిపించనిదీ, ఆ వాక్యంలోంచి ఒక్క ముక్క పలికింది.

"మేము మన్నించునట్లు."

అంతే. అక్కడితో ఆపింది. మా అత్తగారు మంచం మీదికి వంగిపోయింది. ఇద్దరిలో ఎవరూ ప్రార్థన ముగించలేదు. నర్సు నా వైపు చూసింది, ఇంకేమైనా ఉందా అన్నట్టు. నా సగం కాదని తెలుసు. అయినా మిగిలినదంతా పైకే చెప్పి, ఆమెన్ అన్నాను. ఎవరూ నన్ను వద్దనలేదు.